ఎదిగిన రిట్రీవర్‌కు వేట శిక్షణ: వయోనియమం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

వేటలో నేలకూలిన పక్షిని వెతికి, నోట కరచి, చెడకుండా యజమాని చేతికి అందించే శునకం రిట్రీవర్. దీనికి శిక్షణ పిల్లప్రాయంలోనే మొదలుకావాలని, ఎదిగిన శునకాన్ని తెచ్చుకొని వేటకు తీర్చిదిద్దడం వృథాప్రయాస అని ఒక అభిప్రాయం స్థిరపడి ఉంది. ఈ వయోనియమం ఎప్పుడు, ఏ కారణాల వల్ల ఏర్పడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బ్రిటన్, అమెరికాలలోని శిక్షణగ్రంథాలు, పోటీల నిబంధనలు, శునకప్రవర్తనపై జరిగిన ప్రయోగాలు ఇందుకు ఆధారాలు. మనిషితో చెలిమి కుదిరే వయసు, పని నేర్చే వయసు అనే రెండు వేర్వేరు విషయాలు 1960ల తరువాత ఒకటిగా కలిసిపోయాయని, ఎదిగిన శునకంపై ఏర్పడిన అపనమ్మకానికి ఈ కలయికే ప్రధాన కారణమని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రిట్రీవర్, లాబ్రడార్, వేట శునకం, శిక్షణ, వయోనియమం, దత్తత.

1. ఉపోద్ఘాతం:

"మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెత తెలుగువారికి సుపరిచితం. నేర్పు చిన్ననాటనే అలవడాలన్న లోకానుభవం ఇందులో ఉంది. శునకశిక్షణ గురించిన సాధారణాభిప్రాయం కూడా ఇదే. అయితే సామెత అనుభవసారమే తప్ప శాస్త్రనియమం కాదు. అది ఏ సందర్భానికి వర్తిస్తుందో, ఏ సందర్భానికి వర్తించదో విడిగా చూడవలసి ఉంటుంది.

ఈ ప్రశ్నకు వ్యావహారిక ప్రయోజనం కూడా ఉంది. యజమాని మరణించడం, ఊరు మారడం, పోషణ భారం కావడం వంటి కారణాలతో ఎదిగిన రిట్రీవర్లు చేతులు మారుతుంటాయి. పెరిగిన శునకం ఇక ఏమీ నేర్వదన్న నమ్మకం బలంగా ఉన్నచోట వాటిని స్వీకరించేవారు తగ్గుతారు. అందువల్ల ఈ నమ్మకం పుట్టుపూర్వోత్తరాలను తెలుసుకోవడం కేవలం వేట చరిత్రకు సంబంధించిన విషయంగా మిగిలిపోదు.

2. రిట్రీవర్ అవతరణ:

పడిన పక్షిని తెచ్చే పనికి శునకాన్ని వినియోగించడం తుపాకీకన్నా పాతది. జాన్ కైయస్ 1570లో లాటిన్‌లో రచించిన బ్రిటిష్ శునకాల గ్రంథంలో, నీటిలో పడిన పక్షులను తెచ్చే నీటి స్పానియెల్ ప్రస్తావన ఉంది. జెర్వేస్ మార్కమ్ 1621లో వెలువరించిన 'హంగర్స్ ప్రివెన్షన్' గ్రంథం నీటిశునకం శిక్షణను వివరిస్తుంది. తల్లిపాలు మాని నాకి తాగడం నేర్చిన నాటినుండే పిల్లను కదలకుండా పడుకోవడానికి అలవాటు చేయాలని మార్కమ్ సూచించాడు. అంటే చిన్నవయసు ప్రాధాన్యం పూర్తిగా కొత్త భావన కాదు. కాని మార్కమ్ చెప్పింది పిల్లను ఇంట పెంచుకొనే వేటగాడికి ఒక సలహా మాత్రమే. ఆ వయసు దాటిన శునకం పనికిరాదన్న నిషేధంగా దానిని గ్రహించనవసరం లేదు.

రిట్రీవర్ ఒక ప్రత్యేక వర్గంగా నిలదొక్కుకున్నది 19వ శతాబ్దిలో. అందుకు తుపాకీలో వచ్చిన మార్పు ఒక ముఖ్యకారణం. గొట్టం ముందువైపు నుండి మందు దట్టించే తుపాకీల కాలంలో వేటగాడు పొలాల వెంట నడుస్తూ, పాయింటర్, సెట్టర్ జాతుల శునకాలు పక్షి జాడ చూపగా కాల్చేవాడు. 1851 లండన్ మహాప్రదర్శనలో ఫ్రెంచి లెఫోషె పద్ధతి తుపాకీ ప్రదర్శితమైన తరువాత, వెనుకవైపు నుండి తూటా నింపే తుపాకీలను బ్రిటిష్ తయారీదారులు చేపట్టారు. కాల్పుల వేగం పెరిగింది. పొదలను అదిలించి పక్షులను లేపి, వరుసగా నిలిచిన తుపాకీదారుల వైపు తోలే పద్ధతి పెద్ద ఎస్టేట్లలో వ్యాపించింది. తక్కువ సమయంలో ఎక్కువ పక్షులు పడే ఈ వేటలో జాడ చూపే శునకంకన్నా పడిన పక్షిని తెచ్చే శునకం అవసరం ఎక్కువైంది.

ఈ పనికి మూడు గుణాలు కావాలి. మొదటిది, తుపాకీ పేలినా, కళ్లముందే పక్షి పడినా ఆజ్ఞ వచ్చేవరకు కదలని నిగ్రహం. రెండవది, గాయపడిన పక్షి పరుగెత్తిన దారిని పట్టగల ఘ్రాణశక్తి. మూడవది, మాంసం నలగకుండా పట్టుకొనే మెత్తని నోరు. వీటిలో రెండవది, మూడవది చాలావరకు పుట్టుకతో వచ్చేవి. శిక్షణ ప్రధానంగా మొదటిదానికే. నిగ్రహం వయసుతో పాటు కుదురుకొనే గుణం కావడం ఇక్కడ గమనార్హం.

3. ఎదిగి వచ్చిన శునకాలు – జాతుల మూలాలు:

నేటి ప్రధాన రిట్రీవర్ జాతుల చరిత్రలో ఒక విశేషం కనిపిస్తుంది. వాటి మూలపురుషులలో ప్రసిద్ధమైనవి వేటగాళ్ల ఇళ్లలో పుట్టి పెరిగినవి కావు.

లాబ్రడార్ మూలం న్యూఫౌండ్‌లాండ్ దీవిలోని సెయింట్ జాన్స్ నీటిశునకం. అక్కడి జాలరుల వద్ద అది వలతాళ్లను అందిస్తూ, గాలం నుండి జారిన చేపలను పట్టి తెస్తూ పనిచేసేది. ఎండుచేపల వ్యాపారం చేసే ఓడలు ఇంగ్లండ్ దక్షిణతీరంలోని పూల్ రేవుకు వచ్చినప్పుడు ఈ శునకాలు కూడా వచ్చేవి. పూల్ సమీపంలో నివసించిన రెండవ మామ్స్‌బరీ ప్రభువు వాటిని చేరదీసి బాతులవేటకు వినియోగించాడు. కర్నల్ పీటర్ హాకర్ రచించిన వేటగ్రంథం 1814లో తొలిసారి వెలువడి అనేక ముద్రణలు పొందింది. అందులో సెయింట్ జాన్స్ శునకాన్ని తుపాకీవేటకు మిక్కిలి తగినదిగా ప్రశంసించాడు. ఓడలపై జాలరుల పనికి అలవడిన శునకం, మరొక దేశంలో, మరొక యజమాని వద్ద, పక్షులవేటకు మళ్లింది. చేపను తెచ్చే నేర్పు పక్షిని తెచ్చే నేర్పుగా మారింది. మూడవ మామ్స్‌బరీ ప్రభువు ఈ వంశాన్ని కాపాడి, 1880ల దశకంలో స్కాట్లండ్‌లోని బక్లూ ప్రభువుకు కొన్ని శునకాలను కానుకగా ఇచ్చాడు. వాటిలోని నెడ్, ఏవన్ అనే రెండింటిని ఆధునిక లాబ్రడార్ వంశకర్తలుగా పరిగణిస్తారు. 1903లో బ్రిటిష్ కెనెల్ క్లబ్ లాబ్రడార్‌ను ప్రత్యేకజాతిగా గుర్తించింది.

గోల్డెన్ రిట్రీవర్ వృత్తాంతం మరింత స్పష్టమైనది. స్కాట్లండ్‌లోని గిషకన్ ఎస్టేట్ యజమాని డడ్లీ మార్జోరిబ్యాంక్స్ తరువాతి కాలంలో ట్వీడ్‌మౌత్ ప్రభువు అయ్యాడు. 1865లో ఆయన బ్రైటన్ పట్టణంలో నూస్ అనే పసుపువన్నె శునకాన్ని కొన్నాడు. అది 1864 జూన్‌లో పుట్టినట్లు ఆయన శునకశాల పుస్తకంలో ఉంది. అది ఒక చెప్పులు కుట్టేవాని వద్ద ఉండేదని, బాకీ కింద అతనికి దక్కిందని వంశీయుల కథనం. ఈ కథనాన్ని పక్కన ఉంచినా, నూస్ గిషకన్ చేరేనాటికి పాలుతాగే పిల్ల కాదన్నది తేదీలను బట్టి తెలుస్తుంది. 1868లో నూస్‌కు, ట్వీడ్ నీటిస్పానియెల్ అయిన బెల్‌కు పుట్టిన పసుపుపిల్లలతో ఈ జాతి వంశచరిత్ర మొదలైంది. రష్యన్ సర్కస్ శునకాల నుండి ఈ జాతి పుట్టిందన్న కథ చాలాకాలం ప్రచారంలో ఉండేది. 1952లో శునకశాల పుస్తకంలోని వివరాలు ప్రచురితం కావడంతో ఆ కథకు ఆధారం లేదని తేలింది.

4. లొంగదీయడం నుండి మచ్చిక వరకు:

19వ శతాబ్ది ఇంగ్లీషు వేటరచనల్లో శునకశిక్షణకు వాడిన మాట 'బ్రేకింగ్'. గుర్రాన్ని, శునకాన్ని లొంగదీయడమన్నది దీని భావం. కొరడా, లోపలివైపు మేకులు దిగిన మెడపట్టీ ఈ పద్ధతిలో సాధనాలు. ఇంతటి తాకిడిని లేతవయసు శునకం తట్టుకోలేదు కనుక శరీరం గట్టిపడేదాకా ఆగేవారు.

వేట కాలపట్టిక కూడా ఈ నిరీక్షణకు కారణమైంది. ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించే 1831 వేటచట్టం ప్రకారం గ్రౌజ్ పక్షుల వేట ఆగస్టు 12న, కౌజుల వేట సెప్టెంబరు 1న, ఫెజెంట్ల వేట అక్టోబరు 1న మొదలవుతాయి. వసంతంలో పుట్టిన పిల్ల ఆ సంవత్సరం వేటకాలం వచ్చేనాటికి అయిదారు నెలలది. నిండుగా పెరిగిన పక్షిని మోసుకొని పొదలు దాటి రావడానికి దానికి శక్తి చాలదు. కాబట్టి అసలైన క్షేత్రశిక్షణ రెండవ సంవత్సరంలోనే సాధ్యమయ్యేది. ఆనాడు ఏడాది దాటిన శునకం శిక్షణకు ఆలస్యమైనది కాదు, సరిగ్గా సిద్ధమైనది.

1848లో వెలువడిన 'డాగ్ బ్రేకింగ్' గ్రంథం ఈ సంప్రదాయాన్ని మలుపు తిప్పింది. రచయిత డబ్ల్యు. ఎన్. హచిన్సన్ బ్రిటిష్ సైన్యాధికారి. తుపాకీ పట్టకముందే ఇంటివద్ద, తోటలో ప్రాథమికపాఠాలు చెప్పాలని, ఈల, చేతిసైగ వంటి సంజ్ఞలు ఎప్పుడూ మారకుండా ఉండాలని, శిక్షకుడు తన కోపాన్ని అదుపులో ఉంచుకోవాలని ఆయన బోధించాడు. గ్రంథం పేరులో పాతమాటే ఉన్నా అందులోని పద్ధతి లొంగదీయడం కాదు, మచ్చిక చేయడం. శునకం భయం వల్లనే కాక అవగాహన వల్ల కూడా విధేయమవుతుందన్న భావన ఇందులో ఉంది. శిక్షణ బలప్రయోగం కానప్పుడు లేతశునకానికీ పాఠం చెప్పవచ్చు. అదే తర్కం ఎదిగిన శునకానికీ వర్తిస్తుంది. పాఠం మొదలయ్యే స్థానమే ముఖ్యం, వయసు కాదు.

5. పోటీలు – వయోపరిమితి:

వయసుకు ప్రత్యేకమైన విలువ కట్టినవి క్షేత్రపోటీలు. పాయింటర్, సెట్టర్ జాతులకు తొలి క్షేత్రపోటీ 1865లో ఇంగ్లండ్‌లోని సౌత్‌హిల్‌లో జరిగింది. శతాబ్ది చివరినాటికి రిట్రీవర్లకు కూడా పోటీలు ఏర్పడ్డాయి. అమెరికాలో 1920ల చివరినుండి న్యూయార్క్ ప్రాంతపు సంపన్నులు స్కాట్లండ్ నుండి లాబ్రడార్లను, వాటితో పాటు శిక్షకులను రప్పించుకున్నారు. 1931 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని చెస్టర్ వద్ద లాబ్రడార్లకు అమెరికాలో తొలి పోటీ జరిగింది.

స్కాట్లండ్ నుండి వచ్చిన శిక్షకులలో డేవ్ ఎలియట్ ప్రముఖుడు. గొర్రెలకాపరులు తమ శునకాలను దూరం నుండి ఈలతో, చేతిసైగలతో నడిపించే పద్ధతిని రిట్రీవర్ శిక్షణకు అన్వయించిన ఖ్యాతి ఆయనకు దక్కింది. దీనివల్ల శునకం తాను చూడని చోట పడిన పక్షిని సైతం యజమాని సైగల ఆధారంగా వెతికి తేగలుగుతుంది. పోటీల స్థాయి పెరిగింది. దానితో పాటు శిక్షణకు పట్టే కాలమూ పెరిగింది.

అమెరికన్ పోటీల్లో డెర్బీ అనే విభాగం రెండేళ్లు నిండని శునకాలకే పరిమితం. ఆ విభాగంలో గెలవాలంటే శిక్షణ వీలైనంత త్వరగా పూర్తికావాలి. చిన్నవయసులో గెలిచిన శునకానికి సంతానవిలువ, విక్రయమూల్యం పెరుగుతాయి. ఈ విధంగా వయసు ఒక ఆర్థికప్రమాణంగా మారింది. పోటీదారుకు ఆలస్యమైన శునకం నష్టం కావచ్చు. ఇంటికి నాలుగు బాతులు తెచ్చుకొనే సామాన్య వేటగాడికి ఆ లెక్క వర్తించదు. కాని పోటీరంగంలో పుట్టిన ప్రమాణం సామాన్యులలోకి కూడా ప్రవహించింది.

6. నలభైతొమ్మిదవ రోజు:

వయోనియమానికి శాస్త్రీయమన్న ముద్ర లభించింది 1960లలో. అమెరికాలోని బార్ హార్బర్ జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ శునకప్రవర్తనపై దీర్ఘకాలం పరిశోధించి 1965లో తమ గ్రంథాన్ని ప్రచురించారు. అదే ప్రయోగశాలకు చెందిన ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్‌ల ప్రయోగఫలితాలు 1961లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. వీరిలోని ఎలియట్ పైన పేర్కొన్న శిక్షకుడు కాదు. 14 వారాల వరకు మనిషి స్పర్శ ఎరగకుండా పెరిగిన పిల్లలు తరువాత మనుషులకు మచ్చిక కావడం కష్టమని ఆ ప్రయోగం చూపింది. సుమారు 3 నుండి 12 వారాల మధ్యకాలం మనిషితో బంధం ఏర్పడడానికి కీలకమన్న సిద్ధాంతం ఈ పరిశోధనల వల్ల బలపడింది.

రిచర్డ్ వోల్టర్స్ ఈ పరిశోధనలను వేటగాళ్ల వద్దకు చేర్చాడు. 1961లో 'గన్ డాగ్', 1964లో 'వాటర్ డాగ్' గ్రంథాలను వెలువరించాడు. పిల్ల సరిగ్గా 49వ రోజున కొత్త ఇంటికి రావాలని, శిక్షణ అప్పుడే మొదలుకావాలని ఆయన ప్రతిపాదించాడు. ఏడాది నిండేదాకా ఆగే పాతపద్ధతిని విమర్శించాడు. ఆయన పుస్తకాలు విస్తృతంగా ప్రచారం పొందాయి. పిల్లలకు తొలివారాల్లో మనిషి సాంగత్యం అందేలా చేయడంలో వాటి మేలు కాదనలేనిది.

అయితే ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. మొదటిది, బార్ హార్బర్ ప్రయోగాలు నిరూపించినది మనిషితో చెలిమికి ఒక కాలం ఉందని. వేటపని నేర్చుకొనే శక్తికి గడువు ఉందని అవి చెప్పలేదు. ఇళ్లలో మనుషుల మధ్య పెరిగిన మూడేళ్ల రిట్రీవర్ ఆ చెలిమిగడపను ఎప్పుడో దాటి వచ్చింది. దానికి తెలియనిది వేట మాత్రమే. రెండవది, స్కాట్, ఫుల్లర్ ప్రధానంగా పరిశీలించిన అయిదు జాతులు బసెంజి, బీగిల్, కాకర్ స్పానియెల్, షెట్లండ్ షీప్‌డాగ్, వైర్‌హెయిర్డ్ ఫాక్స్ టెరియర్. వీటిలో రిట్రీవర్ జాతి ఒక్కటీ లేదు. పరిశోధకులు చెప్పిన పరిమితసత్యం ప్రచారంలో సార్వత్రికనియమంగా మారింది. సామెతలోని మొక్క, మాను ఇక్కడ శాస్త్రవేషం ధరించాయని చెప్పవచ్చు.

7. ఎదిగిన శునకం – బలాలు, పరిమితులు:

తరువాతి పరిశోధనలు మరింత సూక్ష్మమైన చిత్రాన్ని ఇచ్చాయి. 2016లో వియన్నాకు చెందిన పరిశోధకులు 5 నెలల నుండి 13 ఏళ్ల వరకు వయసున్న 95 బోర్డర్ కోలీ శునకాలను స్పర్శతెరపై పరీక్షించారు. కొత్త బొమ్మలను వేరుచేసి గుర్తించడానికి పెద్దవాటికి ఎక్కువ ప్రయత్నాలు పట్టాయి. తెలిసినదానిని తోసిపుచ్చి తెలియనిదానిని ఊహించే పరీక్షలో మాత్రం అవి చిన్నవాటికన్నా మెరుగ్గా నిలిచాయి. ఆరునెలల తరువాత జ్ఞాపకాన్ని పరీక్షించినప్పుడు వయసు వల్ల తేడా కనబడలేదు. ఇది వేటశిక్షణపై చేసిన పరీక్ష కాదు. అయినా పెరిగిన శునకం ఆలస్యంగా నేర్వవచ్చుగాని నేర్వకపోదని, నేర్చినది నిలుపుకొంటుందని దీనినుండి గ్రహించవచ్చు.

ఎదిగిన శునకాన్ని ఎంచుకోవడంలో ఒక ప్రత్యేక సౌలభ్యం ఉంది. దాని స్వభావం, ఆకారం, ఆరోగ్యం కళ్లముందు ఉంటాయి. రిట్రీవర్లలో తుంటికీలు సరిగ్గా అమరని లోపం తరచు కనిపిస్తుంది. అమెరికాలో 1966లో ఏర్పడిన ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ ఈ కీళ్లకు తుది ధ్రువీకరణను 24 నెలలు నిండాకనే ఇస్తుంది. అంటే పిల్లను తెచ్చుకొన్న వ్యక్తి రెండేళ్ల తరువాత తెలుసుకొనే విషయాన్ని, ఎదిగిన శునకాన్ని తెచ్చుకొన్న వ్యక్తి మొదటిరోజే తెలుసుకోగలడు. బంతిని తెచ్చి ఇవ్వాలన్న తపన, నీటిపై ఇష్టం ఉన్నాయో లేవో కూడా కొద్దిసేపటిలోనే తేలుతుంది.

పరిమితులూ వాస్తవమే. గతం తెలియని శునకానికి తుపాకీ మోతపై భయం ఉండవచ్చు. నోటిపట్టు గట్టిపడి ఉండవచ్చు. పిలిస్తే రాకపోవడం అలవాటై ఉండవచ్చు. అందువల్ల ఇక్కడ శిక్షణలో కొంతభాగం నేర్పడం, కొంతభాగం మరపించడం. కొత్త ఇంటిపై, కొత్త యజమానిపై నమ్మకం కుదరడం తొలిమెట్టు. కూర్చోవడం, పక్కన నడవడం, పిలిస్తే రావడం రెండవమెట్టు. ఆ తరువాత గుడ్డతో చుట్టిన బొమ్మను తెప్పించడం, దానికి పక్షి ఈకలు కట్టడం, చివరకు చల్లారిన పక్షిని ఇవ్వడం వరుసగా సాగుతాయి. తుపాకీ మోతను దూరం నుండి, శునకం ఇష్టమైన పనిలో నిమగ్నమై ఉన్నప్పుడు వినిపించి, రోజులు గడిచేకొద్దీ దగ్గరకు తేవాలి. తొందరపడి చెవిదగ్గర పేల్చిన ఒక్క తూటా నెలల శ్రమను వృథా చేయగలదు. వయసు మళ్లిన శునకానికి చల్లని నీటిలో ఎక్కువసేపు పని చెప్పడం తగదు. వినికిడి తగ్గితే ఈలకన్నా చేతిసైగే ఆధారం.

ఈ క్రమంలో హచిన్సన్ బోధించిన సూత్రాలే మళ్లీ కనిపిస్తాయి. ఇంటివద్ద పాఠం, మారని సంజ్ఞ, నిదానం అనే మూడూ 1848 నాటివే. వయసు మారితే వేగం మారుతుంది, మెట్లు మారవు.

సంస్థల స్థాయిలోనూ ఈ దృష్టికి చోటు ఏర్పడింది. ఉత్తర అమెరికా వేట రిట్రీవర్ల సంఘం 1983లో స్థాపితమైంది. అమెరికన్ కెనెల్ క్లబ్ 1985లో వేటపరీక్షలను ప్రారంభించింది. ఒక శునకాన్ని మరొకదానితో పోల్చి విజేతను తేల్చడం ఈ పరీక్షల ఉద్దేశం కాదు. నిర్ణీతప్రమాణాన్ని అందుకొన్న ప్రతి శునకమూ ఉత్తీర్ణమవుతుంది. కెనెల్ క్లబ్ పరీక్షలకు కనీసవయసు ఆరునెలలు. గరిష్ఠవయసు లేదు. డెర్బీ నిబంధనతో దీనిని పోల్చి చూస్తే, వయోపరిమితి శునకం ప్రకృతిలో లేదని, పరీక్ష పెట్టే సంస్థ ఉద్దేశంలో ఉందని స్పష్టమవుతుంది.

8. ముగింపు:

1. 19వ శతాబ్ది బ్రిటన్‌లో రిట్రీవర్‌కు క్షేత్రశిక్షణ సాధారణంగా రెండవ సంవత్సరంలో సాగడానికి బలప్రయోగపద్ధతి, చట్టబద్ధమైన వేటకాలం కారణాలయ్యాయి.

2. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ జాతుల మూలచరిత్రలోనే పరాయిచోట పెరిగి, కొత్త యజమానిని, కొత్త పనిని స్వీకరించిన శునకాలు ఉన్నాయి.

3. వయసుపై తొందర పోటీల వల్ల ఆర్థికప్రమాణంగాను, 1960ల ప్రచారగ్రంథాల వల్ల శాస్త్రప్రమాణంగాను రూపుదిద్దుకుంది. చెలిమికాలానికి, శిక్షణకాలానికి మధ్య ఉన్న భేదం ఈ క్రమంలో మరుగునపడింది.

4. మనుషుల మధ్య పెరిగిన ఎదిగిన రిట్రీవర్‌ను వేటకు తీర్చిదిద్దడం సాధ్యమే. దాని గతాన్ని గమనించి, మోతాదును సవరించుకోవడం శిక్షకుని బాధ్యత.

భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణచట్టం తరువాత వేట నిషిద్ధం. తెలుగుప్రాంతాల్లో లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్లు ఇంటి శునకాలుగా, పోలీసు జాగిలాలుగానే పరిచితాలు. కాబట్టి ఈ చరిత్ర ఇక్కడ తుపాకీవేటకు పనికివచ్చేది కాదు. కాని యజమాని వదిలిన నాలుగేళ్ల లాబ్రడార్‌ను ఇంటికి తెచ్చుకోవాలా వద్దా అని తటపటాయించే కుటుంబానికి ఇది నేరుగా సంబంధించినదే. మాను వంగదన్నది కర్ర విషయంలో నిజం. శునకం విషయంలో ఆ మాటను చరిత్ర సమర్థించడం లేదు.